నిండని బ్యాటరీ

నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే సర్దుకుని చదువుకోండి. చెయ్యి మెల్లగా కదులుతుంది కాబట్టి కథ చిన్నదే రాశాను.

“మళ్ళీ పడుకుంది,” అంటూ కోడలు బ్యాటరీని షాపు బల్ల మీద దించింది.

బ్యాటరీల షాపాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. నెలలో ఆమె రావడం ఇది మూడోసారి. వైర్లు తగిలించి, మీటరు చూసి, పెదవి విరిచాడు. సరుకు గుండ్రాయిలా ఉందనీ, దానికి ఏ రోగమూ లేదనీ తేల్చాడు.

“రోగం లేకపోతే తెల్లారేసరికి ఎందుకు చస్తోంది అన్నా?”

“కడుపుకి పెట్టకపోతే ఎవరైనా చస్తారు చెల్లెమ్మా. దీనికి తిండి అందట్లేదు.”

తిండి పెట్టాల్సింది సోలార్ ప్యానెల్. కిందటిసారి దాన్నీ మోసుకొచ్చింది. షాపు ముందు ఎండలో నిలబెట్టగానే మీటరు ముల్లు ఎగిరి గంతేసింది. వైర్లు మంచివే, ప్యానెల్ మంచిదే, బ్యాటరీ మంచిదే. అన్నీ బాగానే ఉన్నాయి, నా రాతే బాగాలేదు అనుకుని కోడలు పళ్ళు నూరుకుంది.

భర్త పోయాక ఆమె అద్దె ఇల్లు ఖాళీ చేసి, అతను సరుకులు తోలిన పాత వ్యానులోనే అత్తతో కాపురం పెట్టింది. అందులో రెండు బల్లలు, ఒక పొయ్యి, అత్త ఇన్సులిన్ దాచే బుల్లి ఫ్రిజ్. ఆ ఫ్రిజ్ కోసమే ఇన్ని తిప్పలు. మొదట్లో షాపాయన రెండు రకాలు చూపించాడు. సీసం బ్యాటరీ చవక, కానీ సగానికి మించి వాడకూడదు, నీళ్ళు పోస్తూ కనిపెట్టుకుని ఉండాలి. లిథియం అయితే దాదాపు అడుగుదాకా వాడుకోవచ్చు, చాకిరీ ఉండదు. కోడలు కుట్టుమిషను అమ్మి లిథియం కొంది. దానికి వేడి తగలనివ్వొద్దనీ, వేడి తగిలితే ఎంత ఖరీదైన సరుకైనా నాలుగు రోజుల్లో ముసలిదైపోతుందనీ షాపాయన ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఆ మాటలన్నీ ఆమె ఇంటికొచ్చి అత్తకి పొల్లుపోకుండా అప్పజెప్పింది.

బ్యాటరీని సీటు కింద గాలాడే చోట బిగించింది. ప్యానెల్‌ని అత్త ‘నల్ల అద్దం’ అనేది. కోడలు రోజూ పొద్దున్నే దాన్ని వ్యాను పక్కన ఆనించి, ఇవి పాడైతే మన పని అయిపోయినట్టే, కంటికి రెప్పలా చూసుకో అత్తమ్మా అని చెప్పి ప్యాకింగ్ షెడ్డుకి పరుగెత్తేది. మళ్ళీ వచ్చేది పొద్దుగూకాకే.

“ఇంకో విడ్డూరం చెప్తా విను,” అంది ఆమె షాపాయనతో. “మొన్న మబ్బు పట్టిన మూడు రోజులూ ఫ్రిజ్ ఆగలేదు. ఎండ మండిన రోజే ఆగిపోతోంది.”

షాపాయన నవ్వాడు. ఎండెక్కితే ఫ్రిజ్ కూడా ఎక్కువ తాగుతుందని సర్దిచెప్పబోయి, ఆ లెక్క తనకే నచ్చక తల గోక్కున్నాడు. “మబ్బులో నిండి ఎండలో ఖాళీ అయ్యే సోలారుని నా సర్వీసులో చూడలేదు చెల్లెమ్మా. నీ ఫ్రిజ్ నీతో పరాచికాలాడుతోంది.”

నవ్వే స్థితిలో లేదు కోడలు. కిందటి వారం రెండు ఇన్సులిన్ సీసాలు వెచ్చబడి చెత్తబుట్ట పాలయ్యాయి. ఆ సంగతి బావగారి చెవిన పడింది. శనివారం వస్తాననీ, ఫ్రిజ్ చల్లగా లేకపోతే అమ్మని తన ఇంటికి తీసుకుపోతాననీ ఆయన తెగేసి చెప్పాడు. మంచివాడే. కానీ ఆ ఇంట్లో అత్త మంచానికి చోటు మెట్ల కింద. అత్తకి వెళ్ళాలని లేదు. అత్త గొణుగుడు లేని వ్యానులో ఒంటరిగా పడుకోవడం కోడలి ఊహకే అందలేదు.

ఆ వారమంతా ఆమె చేయని పని లేదు. బ్యాటరీ కొసలు రుద్ది బిగించింది. ఫ్యాను పీకేసింది. ఫోను షెడ్డులోనే చార్జింగ్ పెట్టుకుంది. అయినా వ్యానులో బ్యాటరీ మీటరు కిందికే దిగుతుంటే కోపం అత్త మీదికి మళ్ళింది. గంటకోసారి ఫ్రిజ్ తలుపు తీస్తే అది మాత్రం ఏం చేస్తుందని కసిరింది.

“తీయట్లేదే తల్లీ,” అంది అత్త. “చల్లనీళ్ళు కూడా మానేశాను.”

కోడలు కుండలో నీళ్ళు ముంచి అత్త చేతికిచ్చింది. తప్పయిందని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

శుక్రవారం నిప్పులు చెరిగే ఎండ. శనివారం పొద్దున్నే వచ్చిన బావగారు ఫ్రిజ్ తలుపు తీసి లోపల అరచెయ్యి పెట్టాడు. మీటరు వైపు చూశాడు. ఆరు శాతం. ఆయన నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. అమ్మ చీరలు సంచిలో సర్దడం మొదలుపెట్టాడు.

“ఒక్క వారం బావగారూ. సీసం బ్యాటరీకి మార్చేస్తాను.”

“ఇందులో నీ తప్పేం లేదమ్మా. కానీ మందు పాడైతే మనిషి దక్కదు.”

కోడలు బ్యాటరీ పెట్టెని కాలితో ఒక్క తన్ను తన్నింది. నొప్పి కాలికే.

కారు దగ్గర అత్త వెనక్కి తిరిగి కోడలి చెయ్యి పట్టుకుంది. గ్యాసు కట్టేసి పడుకోమంది. తినకుండా పనికి పోవద్దంది. తర్వాత, ఎక్కడ కొడుకు విసుక్కుంటాడో అని, చెవి దగ్గరికి వంగింది.

“ఎండెక్కగానే నల్ల అద్దానికి దుప్పటి కప్పు తల్లీ, రోజూ నేను కప్పుతున్నట్టే.”

— వీరాయమ్మ, అరవై తొమ్మిదేళ్ళు, ఇప్పటికీ కోడలి వ్యానులోనే.