పందిరి వేసిన ఇల్లు

"ఇది మూడో గుడి. దీని గోపురం కూడా చూసే యోగం లేదా మాకు?" అడిగింది బెంటె.

గోపురం చుట్టూ పరంజా కట్టి గుడ్డ కప్పేశారు. గైడు బెంగ్ కియట్ ఏం చెప్తాడు!

"రంగులు వేస్తున్నారమ్మా. వచ్చే నెల చూస్తే కళ్ళు చెదిరిపోతాయి."

"వచ్చే నెల మేం డెన్మార్క్‌లో ఉంటాం."

వెనకున్న ఐదుగురిలో ఒక్కరూ నవ్వలేదు.

బెంగ్ కియట్‌కి యాభై ఆరేళ్ళు. ఇరవై రెండేళ్ళుగా మలేషియాలోని ఈ జార్జిటౌన్‌లో ఇవే వీధులు తిప్పుతున్నాడు. చైనావాళ్ళ గుడి, తమిళుల గుడి, మసీదు, చర్చి, గోడల మీద బొమ్మలు. చెప్పిందే చెప్పి నోరు అరిగిపోయింది. మోకాళ్ళు అంతకంటే ముందే అరిగాయి. ఇవాళ బొమ్మల గోడ దగ్గర చాంతాడంత క్యూ. మసీదుకి వెళ్ళేసరికి నమాజు వేళ, బయటే ఆపేశారు. ఆరుగురి మొహాలూ కందగడ్డల్లా ఉన్నాయి.

పొద్దున్నే మేనేజరు ఫోన్ చేసింది. "అంకుల్, పోయిన నెల మీ మీద రెండు ఫిర్యాదులు. ఇంకొక్కటి వస్తే మీకు గ్రూపులు ఇవ్వలేను. ఏమీ అనుకోకండి."

అనుకోక ఏం చేస్తాడు? ఈ వయసులో ఇంకో పని ఎవరిస్తారు?

పైగా ఇవాళ్టి కార్యక్రమంలో 'స్థానికుల ఇంట్లో భోజనం' అని అచ్చేసి మరీ ఇచ్చారు. ఎప్పుడూ వండిపెట్టే రొకియా జ్వరంతో మంచమెక్కింది. ఆ సంగతి వాళ్ళకి చెప్పడానికి అతనికి నోరు రాలేదు. ఒంటిగంట దాటింది. ఎండ నెత్తి మాడ్చేస్తోంది.

"భోజనం ఎక్కడండీ?"

"దగ్గరే, దగ్గరే."

"గంట నుంచీ దగ్గరే అంటున్నారు" అంది బెంటె.

సరిగ్గా అప్పుడు సందు చివర పందిరి కనిపించింది. బెంగ్ కియట్‌కి ప్రాణం లేచొచ్చింది.

రంజాన్ పండగ వెళ్ళి మూడు వారాలైంది. అయితేనేం, ఆ నెలంతా ఊళ్ళో పండగే. పందిరి వేసి బల్లలు పరిచిన మలయ్‌వాళ్ళ ఇంటికి ఎవరైనా వెళ్ళచ్చు. పిలుపు అక్కర్లేదు, పరిచయమూ అక్కర్లేదు. శుభాకాంక్షలు చెప్పి కూర్చుంటే కంచం ముందుకొస్తుంది. చిన్నప్పటి నుంచీ బెంగ్ కియట్ అలా ఎన్ని ఇళ్ళలో తిన్నాడో!

"ఇదిగో, ఇదే ఇల్లు!" అని బొంకేశాడు.

పందిట్లో నలభై దాకా కుర్చీలున్నాయి. వాటిలో ముగ్గురంటే ముగ్గురు, టోపీలు పెట్టుకున్న ముసలివాళ్ళు కూర్చున్నారు. డేగిసాల మూతలు ఇంకా తీయలేదు. గేటు లోపల వెలిసిన బట్టల్లో ఒకావిడ నిలబడి ఉంది. అరవై దాటి ఉంటాయి. వంటపనిలో పాపం ఇంకా పండగ బట్టలు కట్టుకోలేదనుకున్నాడు.

"పండగ శుభాకాంక్షలక్కా!" అని గొంతెత్తి పలకరించాడు.

ఆవిడ అతన్ని చూసింది. వెనకున్న పూలచొక్కాల వాళ్ళని చూసింది. అయిపోయింది, తరిమేస్తుంది, ఇక ఉద్యోగానికి నీళ్ళొదులుకోవడమే అనుకున్నాడు.

"రండి, రండి. అన్నం చల్లారిపోతోంది" అంది ఆవిడ.

ముసలాయన ఒకడు కుర్చీలోంచి లేవబోయాడు. "జబేదా, ఎవరమ్మా వీళ్ళు? ఏమిటిది..."

"తిననీ బావా. గుమ్మంలోకి వచ్చినవాళ్ళు."

మేకమాంసం కూర, అనాసపండు పచ్చడి, గులాబీరంగు పాలషర్బత్తు. మొదటి ముద్దకే డెన్మార్క్ దిగొచ్చింది. జబేదా తానే తిరిగి వడ్డించింది. వద్దన్నా వినలేదు. మూడోసారి వడ్డించేసరికి వాళ్ళలో ఒకాయన ఉషారొచ్చి తమ దేశపు విందుపాట ఎత్తుకున్నాడు. మిగతావాళ్ళు బల్లలు చరిచారు. ముసలివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జబేదా కుర్చీ లాక్కుని కూర్చుని చివరిదాకా ఆ పాట వింది.

"పండగకి మీ ఇంటికి వచ్చేది ఇంతమందేనా?" బెంటె బెంగ్ కియట్ చేత అడిగించింది.

"ఈ సందులో ఇంకా మనుషులెక్కడున్నారు తమ్ముడూ? అటు నాలుగూ హోటళ్ళయ్యాయి. ఇటు మూడూ కాఫీ కొట్లయ్యాయి. తెలిసినవాళ్ళంతా అవతలి గట్టు ఫ్లాట్లకి పోయారు. మాకా, పిల్లల్లేరు. నలభైమందికి వండి కూర్చున్నాను. ఒక్కళ్ళూ రారేమోనని పొద్దుట్నుంచీ నా ప్రాణం నా దగ్గర లేదు."

బెంగ్ కియట్‌కి ఆవిడ మీద జాలేసింది. అబద్ధమాడి వచ్చినందుకు సిగ్గు కూడా వేసింది. అయినా రెండోసారి పెట్టించుకున్నాడు.

వెళ్ళేటప్పుడు బెంటె ఆవిడని గట్టిగా కావలించుకుంది. తర్వాత ఫోన్ తీసి బెంగ్ కియట్‌కి చూపించింది. "మీ ఆఫీసుకి రాశాను చూడండి."

ఐదుకి ఐదు స్టార్లు పెట్టింది. కింద 'ఈ ప్రయాణం మొత్తంలో ఇంత సంతోషంగా ఉన్న ఇల్లు ఇంకొకటి చూడలేదు' అని రాసింది.

అతనికి ఏడుపొచ్చినంత పనైంది. వాళ్ళని వ్యానెక్కించి, నొప్పి మోకాళ్ళతోనే మళ్ళీ వెనక్కి వచ్చాడు. జబేదా ఇంకా గేటు లోపలే నిలబడి ఉంది.

"అక్కా, నా కూడు నిలబెట్టావు. ఉన్నమాట చెప్తున్నా, నువ్వెవరో కూడా నాకు తెలీదు."

"తెలీకపోతేనేం. కడుపునిండా తిన్నారుగా."

"రేపు ఇంకో గ్రూపుంది, పదిమంది. నీకూ ఇల్లు సందడిగా ఉంటుంది. తీసుకురమ్మంటావా?"

"రేపేముంటుంది తమ్ముడూ, మా ఆయన పోయి నలభయ్యో రోజు ఇవాళే కదా" అంది జబేదా.