మంగళవారం సంతకం

"ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?" తన ఇంటి హాల్లోంచి శేషగిరిగారు అడిగారు.

"నేనూ, మా ఆయన ల్యాప్‌టాపూ!" వంటింట్లో కాఫీకి పాలు పెడుతూ నమ్రత నవ్వింది. "ల్యాప్‌టాప్ వెనకాల ఆయన కూడా ఉంటాడనుకోండి."

ఆయన నవ్వినట్టు లేదు. పాలు కాగేలోపు నమ్రత నోవై ఊళ్ళో మంచు గురించీ, అపార్ట్‌మెంట్‌లో హీటర్ గురించీ, వరంగల్‌లో తన కాలేజీ గురించీ చెప్పేసింది. రెండు కప్పులతో హాల్లోకి వచ్చేసరికి ఆయన పెన్నుకి మూత పెడుతున్నారు.

"సంతకం అయిపోయిందా అంకుల్?"

"ఇవాళ మంగళవారం కదమ్మా! మంగళవారం పూట ఎవరైనా సంతకాలు పెడతారా?" అంటూ కాగితాన్ని మడిచి పక్కనున్న నీలం ఫైల్లో పెట్టేశారాయన.

నమ్రతకి ఉసూరుమంది. ఈ రిటైర్డ్ ఇంజనీరుగారు ఒక్కరే ఉంటారు. రెండు మోకాళ్ళకీ ఆపరేషన్లయ్యాయి. రోజూ పొద్దున్నే ఒక హెల్పర్ వచ్చి స్నానం చేయించి, కాళ్ళకి ఎక్సర్‌సైజులు చేయించి వెళ్తాడు. ఇన్నాళ్ళూ ఆ ఏర్పాటంతా కౌంటీ ప్రభుత్వం చూసుకునేది. ఇప్పుడు ఆ కాంట్రాక్టుని 'చేదోడు' అనే తెలుగువాళ్ళ ఛారిటీకి అప్పగించింది. అందుకు ఒప్పుకుంటున్నట్టు అందరూ సంతకం పెట్టాలి. నెలాఖరు శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా కాగితం అందకపోతే సోమవారం నుంచి హెల్పర్ రాడు.

డిపెండెంట్ వీసా మీద ఆరేళ్ళు ఇంట్లో కూర్చున్నాక నమ్రతకి దొరికిన మొదటి ఉద్యోగం చేదోడులోనే. తన వంతుకొచ్చిన నలభై ఫైళ్ళలో ముప్ఫై తొమ్మిది ఒక్కో విజిట్‌తో తేలిపోయాయి. మిగిలింది ఈయనే. ఇంకే సాకు చెప్పినా వాదించేది. కానీ కిందటి నెల కారు డెలివరీ మంగళవారం వద్దని బుధవారానికి మార్పించింది తనే. ఏ మొహం పెట్టుకుని కాదంటుంది?

"పక్కింటివాళ్ళు ఉప్మా పంపారు. తిని వెళ్ళు," అన్నారాయన.

రెండో వారం గురువారం వెళ్ళింది. నలభై నిమిషాల డ్రైవ్, దారంతా మంచు.

"ఇవాళ అమావాస్య," అన్నారు శేషగిరిగారు.

"అంకుల్, ఇదేమన్నా పెళ్ళా? కౌంటీ కాగితం!"

"కాగితమైతే మాత్రం?"

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. చూడకుండానే కట్ చేశారు. మళ్ళీ మోగింది, మళ్ళీ కట్ చేశారు. ఈ వయసువాళ్ళకి వచ్చేవన్నీ మోసం ఫోన్లేలే అనుకుంది నమ్రత. మంచులో డ్రైవింగ్ ఎవరు నేర్పారని ఆయన అడిగితే చెప్పడం మొదలెట్టింది. అది ఎటో వెళ్ళి, అక్కతో రెండేళ్ళుగా మాటల్లేవన్న దాకా వచ్చింది. లేచేసరికి రెండు గంటలు గడిచిపోయాయి, సంతకం మాత్రం కాలేదు. కార్లో కూర్చున్నాక తన మీద తనకే ఒళ్ళు మండింది.

చేదోడు డైరెక్టర్ నళినిగారు ఫోన్‌లో విరుచుకుపడ్డారు. "ఒక్క సంతకం నమ్రతా! ఒక్కటి!"

"ఆయనే సాగదీస్తున్నారండీ. పాపం, మాట్లాడ్డానికి ఆయనకెవరూ లేరు. అందుకే ఈ వారాలూ తిథులూ."

"నువ్వెళ్ళి కబుర్లు చెబుతూ కూర్చుంటే ఆయనెప్పటికి పెడతాడు? గడువు దాటితే ఆయనకి స్నానం ఎవరు చేయిస్తారు, నువ్వా నేనా?"

మూడో వారం వర్జ్యం అడ్డొచ్చింది. నాలుగింటిదాకా ఉందంటే నమ్రత పళ్ళు నూరుకుంటూ నాలుగింటిదాకా కూర్చుంది. నాలుగయ్యాక కళ్ళజోడు కనబడట్లేదన్నారు.

"మీ నెత్తి మీదే ఉంది!"

"ఇది దూరం చూసేదమ్మా. దగ్గరది వేరే ఉంది."

ఏడుపొక్కటే తక్కువ ఆమెకి.

ఆఖరి శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి నమ్రత కోటు కూడా విప్పకుండా ఆయన ముందు నిలబడింది.

"కాఫీ వద్దు, ఉప్మా వద్దు. ఐదింటికి గడువు అంకుల్. ఇవాళ కాకపోతే నా ఉద్యోగం పోయినా పోతుంది. అది పోతే పోనివ్వండి. సోమవారం పొద్దున్న మిమ్మల్నెవరు లేపుతారు? అదన్నా ఆలోచించారా?" అనేసింది. కోపమో ఏడుపో ఆమెకే తెలీలేదు.

శేషగిరిగారు నీలం ఫైల్లోంచి కవరు తీసి చేతిలో పెట్టారు.

"అన్నీ నింపాను. మీ నళినిగారి చేతికే ఇవ్వు. జాగ్రత్తగా నడుపు."

నమ్రత తలుపు తీసేసరికి పక్కింటి భీమశంకరంగారు పేక ముక్కల పెట్టెతో లోపలికి వస్తున్నారు. "ఏమయ్యా శేషగిరీ, ఎప్పుడు ఫోన్ చేసినా కట్ చేస్తావేం? నువ్వు లేక ఆటకి చెయ్యి తక్కువవుతోంది!" అంటున్నారాయన. వినే ఓపిక లేక ఆమె పక్కనుంచి తప్పుకుని కారెక్కింది.

ఎక్కడైనా గడి ఖాళీగా ఉంటే కౌంటీ తిప్పి కొడుతుంది. అందుకే కవరు విప్పింది. సంతకం ఉంది, గుండ్రంగా, శుభ్రంగా. పక్కన తేదీ చూసి కళ్ళు చికిలించింది. తను మొట్టమొదట వచ్చిన రోజు తేదీ.

మంగళవారం!

ఒళ్ళు భగ్గుమంది. సంతకం పెట్టి ఫైల్లో దాచుకుని, మంచులో ఇన్నిసార్లు తిప్పించుకుంటాడా ఈ పెద్దమనిషి? దిగి వెళ్ళి కడిగెయ్యాలనుకుంది. గడియారం చూసుకుని, పళ్ళు బిగించి పేజీ తిప్పింది.

వెనకవైపు ఆఖరి ప్రశ్న, కొత్త సంస్థ నుంచి ఇంకేమైనా సాయం కావాలా అని. దాని కింద ఆయన తెలుగులో రాశారు. "ఈ అమ్మాయిని వారానికోసారి మా ఇంటికి పంపుతూ ఉండండి."

అనుకున్నంతా అయింది. పెద్దాయనకి కబుర్లకో మనిషి కావాలి, అంతే. కాగితం మడవబోతూ, ఆ కిందే ఇంకో ముక్క ఉందని చూసింది.

"పాపం, మాట్లాడ్డానికి ఆ పిల్లకెవరూ లేరు."