నాలుక కింద

"దీన్ని ఎలా వాడమని చెప్పారు మీరు?"

ఇస్త్రీ పని చేసే ఆవిడ చిన్న గాజు సీసాను మందుల షాపు బల్ల మీద ఠక్కున పెట్టింది. అందులో ఇంకా సగం మాత్రలున్నాయి.

షాపాయన సీసా తిప్పి చూశాడు. "గుండెనొప్పి మాత్రలు. నొప్పొస్తే ఒకటి వేసుకోమంటాం. ఏమైందమ్మా?"

"అంతే చెప్పారు. అదీ ఫోను చెవిన పెట్టుకుని, నా మొహమైనా చూడకుండా."

ఆమె భర్త గోడలకు రంగులు వేసే మనిషి. నిచ్చెన నాలుగు మెట్లెక్కితే చాలు, గుండె మీద బండ పెట్టినట్టయ్యేది. దిగి కూర్చుంటే తగ్గేది. డాక్టరు రాసిన మాత్ర ఇదే.

"నొప్పొచ్చినప్పుడల్లా గ్లాసుడు నీళ్లిచ్చి మింగించాను. నా చేత్తో."

"అయ్యో, ఇది మింగేది కాదమ్మా. మింగితే చాలావరకు కాలేయంలోనే ఖర్చయిపోతుంది. నాలుక కింద పెడితే నేరుగా రక్తంలో కలుస్తుంది. రక్తనాళాలు వదులై గుండెకు బరువు తగ్గుతుంది. కళ్లు తిరగొచ్చు కాబట్టి కూర్చునే పెట్టుకోవాలి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే ఆస్పత్రికి పరుగెత్తాలి."

"ఇప్పుడు గడగడా చెబుతున్నారే. ఆ రోజు మీ నోట్లో ఏం పెట్టుకున్నారు?"

వెనక నిలబడ్డ ముసలాయన గొణిగాడు. "తల్లీ, మీ తగువు తెమిలేలోపు నాకొచ్చేట్టుంది నొప్పి."

"వస్తే కూర్చో బాబాయ్. నిలబడి మింగకు."

నలుగురూ నవ్వారు. షాపాయనకు ఒళ్లు మండింది.

"అన్నీ నేనే చెప్పాలంటే ఎలా? సీసాతో పాటు చీటీ ఇచ్చాం. చదువుకోవాలి కదా."

ఆమె సంచిలోంచి ఆ చీటీ తీసింది. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది.

"కూర్చోవాలి. నాలుక కింద పెట్టుకోవాలి. మింగకూడదు."

చివరి మాట రెండుసార్లు చదివింది.

అతను కాస్త మెత్తబడ్డాడు. "సరే, జరిగిందేదో జరిగింది. ఈ సీసాకి గడువు ఎప్పుడో దాటిపోయింది, కొత్తది ఇస్తాను. ఈసారి నొప్పొస్తే మీ ఆయన్ని కూర్చోబెట్టి నాలుక కింద పెట్టండి."

"కొత్తది వద్దు."

"మరెందుకొచ్చారమ్మా ఇంత దూరం?"

"ఆయన పోయి మూడేళ్లయింది, ఈ చీటీ చదవడం నాకు నిన్ననే వచ్చింది."