వదిలేసిన మూల

"కదలనమ్మా," అన్నాడు ముసలాయన.

ప్రిస్కిల్లాకి ఒళ్ళు మండింది.

మొగల్తూరు దగ్గర అమ్మిరాజు గారి వరిచేను అది. అవతలి గట్టు మీద డ్రోను పురుగుమందు నింపుకుని సిద్ధంగా ఉంది. ఈ చివరి మూల, కొబ్బరిచెట్టు కింద, కర్ర ఆనించుకుని నిలబడ్డాడు ఈయన. ఆయన వెనకాలే కొత్తగా తవ్విన రొయ్యల చెరువు.

ఆయన్ని పక్కకి పంపడానికి చేనంతా చుట్టి ఇక్కడిదాకా నడిచొచ్చింది.

"డ్రోను ఎగిరేటప్పుడు దగ్గర్లో మనిషి ఉండకూడదండీ. అది రూలు."

"ఉంటే?"

"ఉంటే ఆ చోటికి రానివ్వం."

"అసలు రాదా?"

"రాదు."

"అయితే ఇక్కడే ఉంటాను."

ప్రిస్కిల్లాకి అర్థమైంది. ఈయన చెరువు కాపలాదారు. మందు గాలికి కొట్టుకొచ్చి చెరువులో పడితే రొయ్య చచ్చిపోతుంది. చెరువుల వాళ్ళు గొడవకొస్తారని ట్రైనింగ్‌లో ముందే చెప్పారు.

"చెరువు వాళ్ళు నిలబెట్టారా మిమ్మల్ని?"

ఆయన వంగి చిటికెడు పొడిమట్టి తీసి గాల్లోకి వదిలాడు. అది ఎటు పోయిందో చూశాడు.

"గాలి ఇప్పుడు చెరువు మీదికి లేదు. తొమ్మిదింటికి తిరుగుద్ది. ఈలోపే కానిచ్చుకో."

"నాకు నేర్పుతున్నారా? నాకు పైలట్ సర్టిఫికెట్ ఉందండీ. డ్రోనుకి నంబరుంది. ఈ ఊరు మ్యాప్‌లో గ్రీన్ జోను."

"గ్రీనంటే ఏంటమ్మా?"

"ఆకాశంలో అడ్డేమీ లేదని."

ముసలాయన తలెత్తి కొబ్బరిచెట్టు వైపు చూశాడు.

"ఆ మ్యాపు ఎప్పటిదో గానీ, మొన్న శుక్రవారం ఈ మూల..."

"ఈ మూల కూడా రాజుగారిదే! మీ ఓనరుకేమైనా ఉంటే ఆయనతో మాట్లాడుకోమనండి. నేను మాత్రం ఎగరేస్తాను."

"ఎగరెయ్యి. నేనొద్దన్నానా?"

"మరి జరగండి."

"జరగను."

"సాయంత్రం దాకా నిలబడతారా?"

"నిలబడతా. ఇవాళ నాకు పనేం లేదులే."

ఆ మాటంటూ భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి ముక్కుకి కట్టుకున్నాడు. రెండు భుజాల మీదా కాయలు కాసిన నల్లటి చారలు కనిపించాయి.

ప్రిస్కిల్లా విసవిసా వెనక్కి నడిచింది.

తర్వాతి విడతకి మందు కలుపుతున్న సంపూర్ణమ్మ తలెత్తింది. "ఏమంటాడే?"

"కదలడంట పిన్నీ."

"మనం చీపురు పట్టుకుంటే ఒక్కడికీ కనపడం. రిమోటు పట్టుకునేసరికి ఊరంతా మేస్టార్లే."

నిజమే. పది మంది ఆడవాళ్ళ సంఘానికి వచ్చిన డ్రోను అది. ఇవాళే మొదటి చేను. పొద్దున టీకొట్టు ముందు నుంచి తెస్తుంటే, "దానికి జడేసి పూలు పెట్టలేదేంటి?" అని మగాళ్ళు నవ్వారు. ఇవాళ దీనికి చిన్న రెక్క విరిగినా చాలు. మేం ముందే చెప్పలా అంటారు. ఇక జన్మలో ఎవరూ చేలోకి పిలవరు.

"వెళ్ళిపోదామా?" అంది సంపూర్ణమ్మ.

"ఎందుకు వెళ్ళాలి? ఆయన నిలబడితే నేను ఆగిపోతాననుకున్నాడేమో!"

రిమోటు తెర మీద చేను పటం తెరిచింది. ముసలాయన నిలబడ్డ మూలని, ఆయన చుట్టూ వదలాల్సినంత జాగాతో సహా, గీత గీసి తీసేసింది.

"ఉండనీ. ఆ మూలకి మనిషిని పెట్టి మందు కొట్టించుకోమంటాను రాజుగారిని."

డ్రోను లేచింది. చేను మీద దుమారం రేగింది. గట్టు మీద చేరిన మగాళ్ళు నవ్వడం మానేసి ఫోన్లు తీశారు. డ్రోను అటు చివరిదాకా వెళ్ళి, మూల దగ్గర ఒద్దికగా తిరిగి, మళ్ళీ ఇటు వచ్చింది. ముసలాయన కర్ర పట్టుకుని గుంజలా నిలబడే ఉన్నాడు.

తొమ్మిదింటికి గాలి తిరిగింది. అప్పటికి పదినిమిషాల ముందే డ్రోను క్షేమంగా దిగింది.

సంపూర్ణమ్మ ప్రిస్కిల్లా బుగ్గలు పుణికింది. "గెలిచావే!"

"ఆగు పిన్నీ. ఆ ముసలాయనకీ ఒక మాట చెప్పి వస్తాను."

చెప్పాల్సిన మాట గట్టు పొడుగునా కూడబలుక్కుంటూ వెళ్ళింది. తీరా వెళ్ళేసరికి ఆయన లేడు. ఆయన నిలబడ్డ చోట కర్ర పాతి ఉంది.

కొబ్బరిచెట్టుకి ఎర్రగా ఏదో ఊగుతోంది. తువ్వాలు పీలిక.

దగ్గరికెళితే గానీ దారం కనపడలేదు. చెరువు మీద పిట్టలు వాలకుండా కట్టే నైలాన్ దారం. ఒకటి కాదు, ఆరో ఏడో. చెరువు గుంజల నుంచి ఈ మూల మీదుగా వచ్చి కొబ్బరిచెట్టుకి బిగించి ఉన్నాయి. ఎండ పడ్డప్పుడు ఒక్కసారి మెరిసి మాయమవుతున్నాయి. డ్రోను తిరగాల్సిన ఎత్తులోనే. అందిన ప్రతి దారానికీ ఎర్ర పీలిక కట్టి ఉంది.

గ్రీన్ జోను చూపించిన మ్యాపులో ఈ దారాలు లేవు.

ప్రిస్కిల్లా అమ్మిరాజుకి ఫోన్ చేసింది.

"రాజుగారూ, ఈ పక్క చెరువు కాపలాదారు ఇల్లెక్కడండీ?"

"దానికి కాపలా ఎవరమ్మా? శుక్రవారం దారాలు కట్టించి వెళ్ళినోళ్ళు మళ్ళీ రాలేదు. నీకు కనిపించినోడు ఎలా ఉన్నాడేంటి?"

"సన్నగా, పొడుగ్గా. భుజాల మీద రెండు నల్లటి చారలు."

అమ్మిరాజు గొంతు తగ్గించాడు.

"సత్తియ్య. ఇరవై రెండేళ్ళుగా వీపున ట్యాంకు మోసి మా చేలో మందు కొట్టింది వాడే... డ్రోనొస్తోంది, ఇక నువ్వు రానక్కర్లేదని నిన్న సాయంత్రమే చెప్పానమ్మా."