ఈకల గాలం

"వాడు నా గడప తొక్కద్దంటే తొక్కద్దు" అని సంతోషమ్మ మళ్లీ అనేసరికి ఏలియా చేతిలోని చాయ చల్లారిపోయింది.

"తొక్కడు. చెరువు కాడికి రమ్మన్న."

"చెరువు కాడ పిల్లగాన్ని చూసేటోళ్లు ఏడన్న ఉన్నరా? నలుగురు వింటే నవ్వరా?"

"ఇంటికి రానియ్యనంటివి. బజార్ల నిలవెట్టి మాట్లాడాల్నా?"

"అసలు మాట్లాడుమని ఎవరు మొత్తుకుంటున్రు? కొడుకు మట్టిల వోయిండు. మిగిలిన ఒక్కదాన్ని సుత పంపితే, నేను ఎవరి మొఖం చూసుకొని బతకాలె?"

ఆ మాటకు పొయ్యి ముందు రొట్టె కొడుతున్న ఎస్తేరు చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది. మంచంలోంచి ఏలియా తల్లి బుచ్చవ్వ, "పోనియ్యవే, చాపలన్న తెస్తడు" అంది.

చూరులో దోపిన గడను ఏలియా బయటికి తీశాడు. అది మామూలు గాలం గడ కాదు. మిషన్ బంగళాలో అతను వంట చేసే రోజుల్లో, పోలీసు చర్య అయిన మరుసటేడు, దొర తన దేశం పోతూ ఇచ్చిపోయాడు. దానికి ఎర్రలు గుచ్చరు. కోడి మెడ ఈకలను కొక్కేనికి దారంతో కట్టి, ఎగిరే పురుగు నీళ్ల మీద వాలినట్టు విసురుతారు. చేప నిజం పురుగే అనుకుని పైకొచ్చి పట్టుకుంటుంది. పట్టుకుంటుందని దొర అనేవాడు.

లక్సెట్టిపేట అవతల చెరువు కట్ట మీద అబ్రహాం, కొండల్ అప్పటికే కూర్చుని బీడీలు తాగుతున్నారు. చిన్ననాటి నుంచి ఏలియాతో కలిపి ఈ ముగ్గురూ ఒకే గట్టున గాలాలు వేసినవాళ్లు. పక్కన తెల్ల చొక్కాతో ఇబ్బందిగా నిలబడ్డవాడు సామేలు. అబ్రహాం చెల్లెలి కొడుకు, మంచిర్యాల రైల్వేలో పని.

"రెండేండ్ల సంది ఆ గడ ముట్టకపోతివి. ఇయ్యాల చాపలకు మూడింది" అన్నాడు కొండల్.

"దాంతోని ఎన్నడన్న ఒక్కటి వడ్డదా? చాపలు చూసి నవ్వుకుంట పోతయి" అన్నాడు అబ్రహాం.

ఏలియా నవ్వలేదు. రేకుడబ్బా తెరిచి ఒక ఈకల గాలం తీసి దారానికి ముడివేశాడు. గడ సామేలు చేతికిచ్చాడు. ఆ గడను ఇంకొకరి చేతిలో చూడటం అనుకున్నంత సులువుగా లేదు.

"విసురు, చూస్త. మణికట్టు తోని విసరాలె, భుజం తోని గాదు."

మొదటి విసురుకు దారం సామేలు మెడకే చుట్టుకుంది. "పెద్ద చాపనే వడ్డది!" అని కొండల్ దగ్గు వచ్చేదాకా నవ్వాడు. రెండో విసురుకు గాలం వెనక్కి పోయి తుమ్మచెట్టులో చిక్కింది.

"తెంపు, తెంపు. పొద్దంత గీడనే అయితది" అన్నాడు అబ్రహాం.

సామేలు దారం మీద చెయ్యి వేసి ఆగాడు. "ఇవి ఎవరు కట్టిండ్రు కాకా?"

"మా యోహాను" అన్నాడు ఏలియా. "ఇగ కట్టేటోడు లేడు."

సామేలు గడను గట్టు మీద ఆనించి, ముళ్లకొమ్మల మధ్యకు చెయ్యి పోనిచ్చాడు. కొమ్మ వంచాడు, ఆకు తప్పించాడు, దారాన్ని ఒక్కో చిక్కూ విప్పుకుంటూ పోయాడు. తెల్ల చొక్కా చినిగింది. మోచేతి దాకా నెత్తురు గీతలు పడ్డాయి. చివరికి ఈక చెదరకుండా గాలాన్ని తెచ్చి ఏలియా అరచేతిలో పెట్టాడు.

"డబ్బల పెట్టుకో కాకా. నేను ఎర్రలతోని వేస్త."

కొండల్ తన ఎర్రల డబ్బాను అతని ముందుకు జరిపాడు.

మధ్యాహ్నం సద్దులు తిన్నాక, ఏలియా సామేలు పక్కకు జరిగి కూర్చున్నాడు.

"పిల్ల సంగతి మీ మామ అంత చెప్పిండా?"

"చెప్పిండు. నాకు సమ్మతమే. కని ఆమెను ఎవరన్న అడిగిండ్రా?"

ఏలియా నీళ్ల మీద తేలే బెండు వైపు చూశాడు. ఇన్నాళ్లూ తానూ సంతోషమ్మా వాదించుకున్నారు. అబ్రహాం సంబంధం కోసం తిరిగాడు. పాస్టరుగారు మంచిదన్నారు. అడగాల్సిన మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు.

పొద్దు వాలుతుండగా కొండల్ తనకు పడిన పరక చేపల్లో సగం ఏలియా తువ్వాలలో పోశాడు. "వట్టి చేతులతోని పోతే నీ ఇంటామె నిన్ను సుత గడప తొక్కనియ్యది."

పెరట్లో ఎస్తేరు చేపలకు బూడిద రాసి పొలుసు తీస్తోంది. ఏలియా ఆమెకు ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"బిడ్డా, నీకు ఇష్టమేనా?"

ఆమె చేతిలోని చేపను తిప్పుతూ, "లోపల ఏడుపు వినవడ్తలేదా? నేను పోతనంటే అది ఆగుతదా?" అంది.

"అది నేను చూసుకుంట. నీ మాట చెప్పు."

"ఎట్లాంటి మనిషి?"

"యోహాను కట్టిన గాలం ముండ్లల్ల చిక్కింది. తెంపుమన్నరు. తెంపలే. చెయ్యంత గీరుకపోయింది."

ఎస్తేరు బూడిద చేతుల్ని ఒళ్లో పెట్టుకుని తల వంచుకుంది. "సరే" అన్న మాట ఏలియాకు సగమే వినిపించింది. తలుపు వెనక సంతోషమ్మ ఏడుపు ఆగింది.

దీపం పెట్టాక నలుగురూ చాప మీద ప్రార్థనకు కూర్చున్నారు. ఆమెన్ అన్నాక ఏలియా లేవలేదు.

"సామేలుకు ఒప్పుకున్నమని రేపు కబురు పంపుత. ఎస్తేరు సరేనన్నది. కోతలైనంక చర్చిల పెండ్లి" అని మెల్లగా చెప్పాడు.

బుచ్చవ్వ ఒకరి తర్వాత ఒకరి మొహం చూసింది. సంతోషమ్మ లేచింది. లోపలికి పోతుందేమోనని ఏలియా భయపడ్డాడు. ఆమె వచ్చి ఎస్తేరు పక్కన కూర్చుని, చెదిరిన ఆమె జుట్టు చెవి వెనక్కి తోసింది.

"ఇగ నన్ను అత్తా అనకు, అమ్మా అను."