మూడుసార్లు అడిగింది

వైవా మొదలు కావడానికి కాసేపటి ముందు, ఎం.సి.ఏ. క్లాసు మొత్తం ప్రాజెక్టులున్న ఫోల్డర్ ఖాళీగా కనిపించింది.

ఫైళ్లు దొరక్కపోలేదు. సర్వర్‌లో పాత కాపీలు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి రఘువీర్ చెమట తుడుచుకుంటూనే అన్నిటినీ వెనక్కి తెచ్చాడు. చిక్కు అది కాదు. ఆ ఫోల్డర్‌ను కాపాడుతున్న సాఫ్ట్‌వేరే అతని ప్రాజెక్టు. ఎవరూ పొరపాటున ఫైళ్లు డిలీట్ చేయకుండా అడ్డుపడటమే దాని పని. తెలియక నొక్కితే, నిజంగానే తీసేయాలా అని మూడుసార్లు అడిగి, చివరికి ఫోల్డర్ పేరు టైపు చేయిస్తే గాని వదలదు. అలాంటి కాపలా ఉండగా ఫోల్డర్ ఎలా పోయింది?

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ వెంకటసుబ్బారావు గారు కూడా అదే అడిగారు. ఇది పొరపాటున జరిగిందని తేలితే మార్కులు వేయడం తన వల్ల కాదని కళ్లజోడు మీదుగా చూస్తూ చెప్పారు.

బందులతో ఒకసారి, రాస్తారోకోతో ఒకసారి వాయిదా పడ్డ వైవా ఇది. ఈసారి తప్పితే రఘువీర్‌కు బెంగళూరు కంపెనీ ఇస్తానన్న ఉద్యోగం పోయినట్టే.

ఎవరు డిలీట్ చేశారో సర్వర్‌ను అడిగితే పేరు చెప్పింది. బాలరాజు. నిన్న మధ్యాహ్నం.

క్లాసులో ఎవరూ ఆశ్చర్యపోలేదు. బాలరాజు జనగామ దగ్గరి రైతు కొడుకు. క్యాంపస్‌లో ఏ ఊరేగింపు బయల్దేరినా ముందు వరసలో ఉంటాడు. రఘువీర్ వాళ్లు గుడివాడ నుంచి వచ్చి హబ్సిగూడలో స్థిరపడ్డారు. రెండేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరూ పోయిన వారం తార్నాక హోటల్లో ప్రత్యేక రాష్ట్రం గురించి మాటామాటా అనుకుని, సగం తిన్న దోసెలు వదిలేసి చెరో దారిన వెళ్లారు. అప్పటి నుంచి మాటల్లేవు.

గైడ్ సుధామయి మేడం బాలరాజును పిలిపించారు. అతను వచ్చి స్క్రీన్ మీద తన పేరు చూశాడు, ఎగ్జామినర్‌ను చూశాడు, గోడకు ఆనుకుని నిలబడ్డ రఘువీర్‌నూ చూశాడు.

"పొరపాటున జరిగిందా బాలరాజూ?" అలా అయి ఉంటే బాగుండునన్నట్టు అడిగారు మేడం.

"కాదు మేడం. కావాల్ననే చేసిన."

"మరి సాఫ్ట్‌వేర్ నిన్నేమీ అడగలేదా?" అన్నారు వెంకటసుబ్బారావు గారు.

"అడిగింది సార్. మూడుసార్లు అడిగింది. పేరు గూడ టైపు చెయ్యమన్నది. అన్నీ చేసే తీసేసిన."

ఎగ్జామినర్ ముఖం విచ్చుకుంది. కావాలని తీసేవాణ్ణి బ్రహ్మదేవుడు కూడా ఆపలేడని, పొరపాటును ఆపితే చాలని అన్నారు. రఘువీర్‌కు క్లాసులోకెల్లా ఎక్కువ మార్కులు పడ్డాయి. బాలరాజు వైవా మాత్రం రద్దయింది. మళ్లీ ఎప్పుడంటే ఉద్యమానికే తెలియాలి.

కారిడార్లో ఎదురుపడ్డ రఘువీర్, "మీరంతా ఇంతేరా" అనేసి వెళ్లిపోయాడు.

సాయంత్రం బస్సులు లేవు. బాలరాజు, లాలాపేట్‌లో ఉండే క్లాస్‌మేట్ పద్మశ్రీ కలిసి తార్నాక దాకా నడిచారు. చౌరస్తాలో లాఠీలు ఒళ్లో పెట్టుకుని పోలీసులు మక్కకంకులు తింటున్నారు. బాలరాజు ఈల వేస్తూ నడుస్తుంటే పద్మశ్రీకి ఒళ్లు మండింది. తన ప్రాజెక్టు కూడా ఆ ఫోల్డర్‌లోనే ఉందని, ఇంత పని చేసినవాడికి సిగ్గయినా ఉండాలని దారి పొడుగునా తిడుతూనే ఉంది. అతను దేనికీ ఎదురు చెప్పకపోయేసరికి ఆమెకే అనుమానం వచ్చి ఆగింది.

"నిజం జెప్పు. వాని మీద గంత పగ ఏంది నీకు?"

బాలరాజు ఈల ఆపాడు. రఘువీర్‌కు చెప్పనని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు.

"నిన్న ల్యాబు కిటికీలకెళ్లి జులూస్ చూద్దామని వంగిన పద్మా, మోచెయ్యి కీబోర్డు మీద వడ్డది. అది నన్ను ఒక్కసారి గూడ అడగలే."