హెగ్‌మన్‌కి ఏం రోగం?

"నీ టాంక్స్లీని నాకిచ్చెయ్. నా హెగ్‌మన్‌ని తీసుకో. చెల్లుకు చెల్లు" అన్నాడు ఫోన్లో లయల్ పెట్రోస్కీ.

వెండెల్ క్రాట్జ్ నోట్లో డోనట్ అలాగే ఉండిపోయింది. టొలీడో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు ఆటగాళ్ళను తెచ్చేదీ పంపేదీ అతనే. లూయివిల్ జట్టుకు ఆ పని లయల్‌ది. డెల్రాయ్ టాంక్స్లీ బంతి చంకన పెట్టుకుని పరుగు తీశాడంటే టొలీడో ఊరంతా లేచి నిలబడుతుంది. రూఫస్ హెగ్‌మన్ ఎదుటి క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేలోపే మీదపడి నేల కరిపిస్తాడు. అలాంటివాడు ఒక్కడు లేకే ఈ ఏడాది టొలీడో ఇన్ని ఆటలు పోగొట్టుకుంది. ప్లేఆఫ్స్‌కు చేరకపోతే పెట్టె సర్దుకోమని యజమాని వెండెల్‌కు మొహం మీదే చెప్పేశాడు. ఇప్పుడు కావలసినవాడు అడక్కుండానే గుమ్మంలోకి వచ్చాడు. అదే వెండెల్‌కు మింగుడు పడలేదు.

"వాడికేం రోగమని వదిలించుకుంటున్నావ్?"

"రోగమా? ఎద్దులా ఉన్నాడు. నాకు పరిగెత్తేవాడు లేడురా, అంతే. మంగళవారం నాలుగింటికి గడువు. ఆ తర్వాత నువ్వు కాళ్ళు పట్టుకున్నా లీగ్ ఒప్పుకోదు."

ఫోన్ పెట్టేసి తన కింద పనిచేసే గ్రెచెన్‌ను పిలిచాడు. లూయివిల్ వెళ్ళి హెగ్‌మన్ పుట్టుపూర్వోత్తరాలన్నీ తవ్వుకు రమ్మన్నాడు. ఆవిడ మూడు రోజులు తిరిగి వచ్చింది. మనిషి బీరు కూడా ముట్టడట. బుధవారం బుధవారం చర్చిలో గిన్నెలు కడుగుతాడట. కుంటడం లేదు, దగ్గడం లేదు, ఎవరితోనూ గొడవల్లేవు. మనిషి మేలిమి బంగారమేనని గ్రెచెన్ తేల్చింది. అంత మంచివాడు ఈ ఆటలో ఎలా బతుకుతున్నాడని వెండెల్ అనుమానం రెట్టింపైంది.

ఇక మిగిలింది వైద్యం కాగితాలు. ఇలాంటి బేరంలో ముందు ఇద్దరూ తమ ఆటగాడి కాగితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. అందులో ఏం దాచినా తర్వాత బేరం రద్దు, పరువు గంగపాలు. వెండెల్‌కు అక్కడే గొంతులో వెలక్కాయ పడింది. టాంక్స్లీ ఎడమ మోకాలు బాగాలేదు. ఆ కాలి మీద బరువు మోపి కుడివైపుకు తిరగలేడు. అందుకే ఎప్పుడూ ఎడమకే తిరుగుతాడు, అదీ ఎంత సొగసుగా తిరుగుతాడంటే ఎవరికీ తట్టదు. ఆ సంగతి తెలిసింది ముగ్గురికే. టాంక్స్లీకి, డాక్టరుకి, వెండెల్‌కి. లీగ్‌కు పంపే గాయాల జాబితాలో కూడా వెండెల్ వారం వారం 'మడమ నొప్పి' అనే రాయిస్తున్నాడు.

కానీ ఇవ్వనిదే హెగ్‌మన్ కాగితాలు రావు. పళ్ళు నూరుకుంటూ పంపేశాడు.

హెగ్‌మన్ కాగితాల్లో రెండేళ్ళ కిందటి పడిశం తప్ప ఏమీ లేదు. వెండెల్ వాటిని రెండుసార్లు తిరగేసి, లయల్‌కు ఫోన్ చేశాడు.

"మోకాలి సంగతి చూశావా?"

"చూశాను. ఈ వయసులో ఎవడి మోకాళ్ళు బాగుంటాయిరా? పర్లేదు, తీసుకుంటా."

అంతే. వెండెల్ కాలు కాలిన పిల్లిలా గదంతా తిరిగాడు. డొక్కు కారు చూపించి, ఇంజను పాడైందని కూడా చెబితే, బేరమాడకుండా తీసుకెళ్తానంటున్నాడు! మోకాలు చూసి కూడా కిక్కురుమనలేదంటే, వీడు అంటగట్టేవాడిలో ఇంకెంత పెద్ద లోపముండాలి?

"లోపం లేదు బాస్. నా కళ్ళతో చూశాను" అంది గ్రెచెన్. "ఈ ఒక్కసారి ఎవరినైనా నమ్మండి."

"నమ్మినవాళ్ళంతా ఇప్పుడు ఇన్సూరెన్సులు అమ్ముకుంటున్నారమ్మా."

మంగళవారం నాలుగుకు పది నిమిషాలుండగా ఫోన్ చేసి, బేరం లేదు పొమ్మన్నాడు. లయల్ బతిమాలలేదు. నీ ఇష్టం, మూడు వారాల్లో ఎలాగూ మా ఊరు ఆడటానికి వస్తున్నారుగా, అప్పుడు కలుద్దామన్నాడు.

"చూశావా? పట్టుబడ్డాక నోరు మూతపడింది" అన్నాడు వెండెల్, డోనట్ల డబ్బా గ్రెచెన్ వైపు తోస్తూ. చాన్నాళ్ళకు ఆ రోజు అతనికి ఆకలేసింది.

లూయివిల్‌లో ఆట. గెలిస్తే ప్లేఆఫ్స్, ఓడితే పెట్టె సర్దుడు. ఏం చెప్పమంటారు, టాంక్స్లీ ఆ రోజు పది గజాలు కూడా పోలేదు. బంతి అందుకోవడం, నాలుగడుగులు వేయడం, హెగ్‌మన్ కింద నలగడం. ఎటు వస్తాడో ముందే ఉత్తరం రాసినట్టు అక్కడే కాచుకుని ఉన్నారు. పైన గాజు గదిలో కూర్చున్న వెండెల్‌కు ఒళ్ళు మండిపోయింది. మన ఎత్తులు ఎవడో అమ్మేశాడన్నాడు. ముందు కోచ్‌ను అనుమానించాడు. తర్వాత కోచ్ తమ్ముడిని. చివరికి లూయివిల్‌లో మూడు రోజులున్న గ్రెచెన్ వైపు కూడా ఓరగా చూశాడు. ఆవిడ లేచి వేరే కుర్చీలో కూర్చుంది.

ఇరవై నాలుగు, ఆరు. ఓడిపోయారు.

బట్టలు మార్చుకునే గదిలో టాంక్స్లీ మోకాలికి ఐసు కట్టుకుని కూర్చున్నాడు. వెండెల్ పక్కన కూలబడ్డాడు. ఉద్యోగం ఎలాగూ పోయింది, కనీసం ఆ ఒక్క సంగతైనా తేల్చుకోవాలనిపించింది.

"నిజం చెప్పు. రోజంతా నీ మీదే పడ్డాడుగా. ఆ హెగ్‌మన్‌లో ఏదో లోపముంది కదూ?"

"లోపమా? అంత మంచోణ్ణి నేను చూళ్ళేదు సార్. పడేసిన ప్రతిసారీ చెయ్యిచ్చి లేపాడు. ఎడమ మోకాలు మరీ నొప్పెడుతోందా అని కూడా అడిగాడు."